వీరేశలింగం గారి ‘స్వీయచరిత్రము’ను విద్యార్థుల చేత చదివించడం ఎలా?

తెలుగు ఆత్మకథలను తరగతి గదిలో చదివించడం గురించి అధ్యాపకులూ విద్యార్థులూ తల్లిదండ్రులూ రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కందుకూరి వీరేశలింగం పంతులు గారి ‘స్వీయచరిత్రము’ గురించే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షికను ఆ గ్రంథానికీ, దానితో కలిపి చదవదగిన మరికొన్ని పుస్తకాలకూ కేటాయించాము.

ప్రశ్న: డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. ‘స్వీయచరిత్రము’ను రెండవ సంవత్సరం విద్యార్థులకు పరిచయం చేయాలని నా కోరిక. రచయిత జీవిత విశేషాలు, ఆత్మకథ లక్షణాలు, గ్రంథ ప్రాశస్త్యం వివరించి పుస్తకం చేతికిస్తే నాలుగు పుటలు దాటి ఎవరూ చదవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు? (ఒక అధ్యాపకురాలు, తూర్పు గోదావరి జిల్లా)

జవాబు: మీరు అనుసరిస్తున్న వరుసలోనే చిక్కు ఉన్నదని నా అభిప్రాయం. పుస్తకం తెరవకముందే అది గొప్పదని చెప్పేస్తే, ఇక తాను చదివి తేల్చుకోవలసింది ఏమున్నదని విద్యార్థి అనుకుంటాడు. వీరేశలింగం గారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పుట్టారనీ, తెలుగు వచనంలో ఆత్మకథకు బాట వేశారనీ, మొదటి భాగం 1911లోనూ రెండవ భాగం 1915లోనూ వెలువడ్డాయనీ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు కూడా చదవడం మొదలైన తరువాత, పిల్లలే అడిగినప్పుడు ఖర్చు పెడితే మంచిది.

మొదటి పుట నుంచి కాకుండా 1881 డిసెంబరు నుంచి మొదలుపెట్టండి. ఆ నెల 11వ తేదీన రాజమహేంద్రవరంలో ఆయన తొలి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మను కృష్ణా జిల్లా తిరువూరు నుంచి తీసుకువచ్చారు. వరుడు గోగులపాటి శ్రీరాములు గారు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషి ఫలితంగా వితంతు వివాహాలను చెల్లుబాటు చేసే చట్టం 1856లోనే వచ్చింది. చట్టం వచ్చిన పాతికేళ్ళకు గాని మన ప్రాంతంలో అలాంటి పెళ్ళి ఒక్కటి జరగడం ఇంత కష్టమెందుకయిందన్న ప్రశ్నతో తరగతి ప్రారంభించవచ్చు.

ఆ రోజు పుస్తకం తెరవకముందు ఒక పని చేయించండి. పెళ్ళి జరగాలంటే ఎవరెవరు కావాలో పిల్లలనే చెప్పమని, వారు చెప్పినవన్నీ నల్లబల్ల మీద రాయండి. పురోహితుడు, వంటవాడు, నీళ్ళు తెచ్చే మనిషి, బంధువులు, ఇరుగుపొరుగు, ఖర్చు పెట్టుకునేవారు అంటూ జాబితా పెరుగుతుంది. ఆ తరువాత వివాహ ప్రకరణం చదివిస్తూ, ఊరి కట్టుబాటు వల్ల దూరమైన ప్రతి ఒక్కరినీ బల్ల మీద కొట్టివేయించండి. మంత్రం చెప్పడానికి ముందుకు వచ్చే పురోహితుడు దుర్లభమవుతాడు. వెలివేస్తారన్న భయంతో బంధువులు తప్పుకుంటారు. వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ ఇంటికి రావడం మానేస్తే పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకువచ్చి వంట చేశారు. పెళ్ళికి ఆటంకం కలగకుండా ఆయన శిష్యులు కాపలా కాశారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు ధనసహాయం చేశారు. సభలలో సంస్కరణను సమర్థించిన వారిలో కొందరు పీఠాధిపతుల ఆజ్ఞకు తలవంచి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు. చివరికి బల్ల మీద ఎవరెవరు మిగిలారో చూసినప్పుడు, సంఘబహిష్కారమంటే నిత్యజీవితంలో ఏమిటో పిల్లలకు మీరు వేరుగా వివరించవలసిన పని ఉండదు. ఆ కాపలా కాసిన శిష్యులలో పలువురు మీ విద్యార్థుల వయసు వారేనన్న సంగతి కూడా వారి దృష్టికి తీసుకురండి. తరగతి మొత్తం ఒక్కసారిగా నిటారుగా కూర్చునే ఘట్టం అదే.

ఇంత చదివిన తరువాత, ఈ మనిషికి ఇంత తెగువ ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అప్పుడు వెనక్కి, బాల్యానికి తీసుకువెళ్ళండి. నాలుగేళ్ళ వయసులో తండ్రి సుబ్బారాయుడు గారు పోవడం, తల్లి పున్నమ్మ గారి చేతుల మీదుగా, పెదతండ్రి వెంకటరత్నం గారి నీడలో పెరగడం, చిన్ననాటి నుంచీ అనారోగ్యం, దెయ్యాలు లేవని తేల్చడానికి అర్ధరాత్రి శ్మశానానికి వెళ్ళడం, ముహూర్తాల మీద నమ్మకం వట్టిదని చూపడానికి చెడు వేళ అన్నప్పుడే బయలుదేరడం వంటి సంగతులు మొదటే చదివిస్తే చిన్నచిన్న ముచ్చట్లుగా మిగిలిపోతాయి. పెళ్ళి ప్రకరణం తరువాత చదివితే ఒక స్వభావం ఎలా తయారైందో చెప్పే సాక్ష్యాలవుతాయి. ఊరంతా చెప్పే మాటను తాను వెళ్ళి పరీక్షించి చూడాలన్న పట్టుదల చిన్ననాడు శ్మశానం దారిలో కనిపిస్తుంది. ముప్పై మూడేళ్ళ వయసులో పెళ్ళిపందిట్లోనూ అదే కనిపిస్తుంది. వరుస మార్చి చదివించినందువల్ల గ్రంథానికి అపచారమేమీ జరగదు. ఆసక్తి కలిగినవారు తరువాత మొదటి పుట నుంచి తామే చదువుకుంటారు.

రెండు భాగాలూ పూర్తిగా చదివించాలన్న పట్టుదల పెట్టుకోకండి. రెండవ భాగంలో సమాజాల నిర్వహణ, పత్రికా వివాదాలు, ఆస్తుల ఏర్పాట్లు చాలా చోటు ఆక్రమిస్తాయి. అవి పరిశోధకులకు విలువైనవే గాని పంతొమ్మిదేళ్ళ పాఠకునికి మొదటి పరిచయంలో అవసరం లేదు. ఎంపిక చేసిన అరవై, డెబ్భై పుటలు శ్రద్ధగా చదివించగలిగితే చాలు. రచయిత 1919లోనే కన్నుమూశారు కనుక ఆ పుటలను ప్రతులు తీసి పంచడానికి కాపీహక్కుల ఇబ్బంది కూడా లేదు.

ప్రశ్న: నేను ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన విద్యార్థిని. ఈ పుస్తకం చదవాలని ఉన్నా గ్రాంథిక భాష వల్ల ముందుకు సాగడం లేదు. ఎవరైనా వాడుక భాషలో తిరగరాసిన సంక్షిప్త ప్రతి చదివితే సరిపోదా? (ఒక విద్యార్థిని, విజయవాడ)

జవాబు: కథ తెలుసుకోవడానికి సరిపోతుంది. కాని ఆత్మకథలో కథతో పాటు ఆ కథ చెప్పే మనిషి గొంతు కూడా ఉంటుంది. కోపం వచ్చినప్పుడు ఆయన వాక్యం ఎలా బిగుసుకుంటుందో, ఆప్తుల మరణం చెప్పేటప్పుడు ఎంత క్లుప్తమవుతుందో సంక్షిప్త ప్రతిలో మీకు అందదు.

మీరు భయపడుతున్నంత కష్టం ఆ భాషలో లేదు. అడ్డుపడేవి ఎక్కువగా క్రియల చివరి భాగాలు. ‘చేసితిని’ అంటే చేశాను, ‘వెళ్ళెడివాఁడను’ అంటే వెళ్ళేవాణ్ణి, ‘చెప్పినను’ అంటే చెప్పినా, ‘ఏలయనఁగా’ అంటే ఎందుకంటే. ఇలాంటివి ఒక ఇరవై కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకుంటే రెండవ రోజుకే ఆ కాగితంతో పని తగ్గిపోతుంది. ముఖ్యంగా, మౌనంగా చదవకండి. పొడవైన వాక్యాన్ని గొంతెత్తి చదివినప్పుడు ఎక్కడ ఆగాలో చెవికే తెలుస్తుంది. కంటికి చిక్కుముడిగా కనిపించిన వాక్యంలో కర్త, కర్మ, క్రియ వాటి స్థానాల్లోకి వచ్చి నిలుస్తాయి. ఇంట్లో అమ్మమ్మ గాని తాతయ్య గాని ఉంటే వారికి రోజుకు రెండు పుటలు చదివి వినిపించండి. పురాణ వచనం, పాత నవలలు చదివిన తరం వారు కనుక వారు అక్కడక్కడ సరిదిద్దుతారు. ఆ కాలపు ఆచారాల గురించి పుస్తకంలో లేని సంగతులూ చెబుతారు.

గ్రాంథికంలోనే ఇంత రాసిన వీరేశలింగం గారు జీవిత చరమదశలో, 1919లో, వాడుక భాష ప్రచారం కోసం ఏర్పడిన ‘వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజము’నకు అధ్యక్షులుగా ఉండడానికి అంగీకరించారు. డెబ్భై ఏళ్ళ వయసులో తన అలవాటును దాటి ఆలోచించగలిగిన రచయిత పుస్తకానికి మీరు రెండు రోజుల ఓపిక ఇవ్వడం న్యాయమే.

ప్రశ్న: ఆత్మకథ అంటే తనను తాను పొగడుకోవడమే కదా అని మా విద్యార్థులు అంటున్నారు. తన గురించి తాను చెప్పుకున్నది నిజమని ఎలా నమ్మాలని అడుగుతున్నారు. వారికి ఏమి చెప్పాలి? (ఒక ఉపాధ్యాయుడు, ఏలూరు)

జవాబు: ఆ ప్రశ్న అడిగిన విద్యార్థులున్న తరగతి మీకు దొరకడం అదృష్టం. దానికి జవాబు చెప్పి ముగించకండి. దాన్నే పాఠంగా మార్చండి.

వీరేశలింగం గారు తగాదాల మధ్య బతికిన మనిషి. 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక పెట్టిన నాటి నుంచి లంచగొండి ఉద్యోగుల మీదా, న్యాయస్థానాల చుట్టూ జరిగే అక్రమాల మీదా, కన్యాశుల్కం మీదా, వేశ్యల మేజువాణీల (వేడుకలలో పెట్టించే ఆటపాటల) మీదా నిర్మొహమాటంగా రాశారు. స్త్రీవిద్య విషయంలో కొక్కొండ వేంకటరత్నం పంతులు గారితో పత్రికాముఖంగా వాదం నడిపారు. అలాంటి వ్యక్తి తన చరిత్ర తాను రాస్తే అందులో తన పక్షం బలంగా వినిపించడం సహజం. ఆయన కూడా ఆ సంగతి ఎరిగినవారే కనుక చాలా చోట్ల ఉత్తరాలను, పత్రికలలో వచ్చిన రాతలను గ్రంథంలో చేర్చారు. విద్యార్థులు గుర్తించవలసిన మొదటి భేదం అక్కడే ఉంది. జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పిన భాగమేది, ఆ నాటి కాగితం చూపించి చెప్పిన భాగమేది అని వారి చేతనే రెండు రంగుల పెన్సిళ్ళతో గీతలు గీయించండి.

రెండవ పని, అదే ఊరిని మరొకరి కళ్ళతో చూపించడం. రాజమహేంద్రవరానికి ఉన్న భాగ్యం మరే తెలుగు పట్టణానికీ లేదనిపిస్తుంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అక్కడే ఉండి వీరేశలింగం గారిని దగ్గరగా చూశారు. చూపు పోయిన తరువాత ఇతరుల చేత రాయించిన తమ స్వీయచరిత్రలో ఆ కాలపు మనుషులను ఎంతో ప్రసన్నంగా చిత్రించారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు అక్కడ చదువుకున్నారు. చిలకమర్తి వారి నాటకాలలో వేషాలు వేశారు. ‘నా జీవితయాత్ర’లో ఆ ఊరి సంగతులు తమదైన దూకుడుతో చెప్పారు. తరువాతి తరంలో శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు సంస్కృత పండితుల వైదిక కుటుంబం నుంచి వచ్చి, తెలుగులో రాయడానికి ఇంట్లోనే పోరాడి, ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’లో ఆ లోపలి ప్రపంచాన్ని చూపించారు. వీరేశలింగం గారికి ప్రతిపక్షంగా కనిపించిన అగ్రహారం లోపల మనుషులు ఎలా తినేవారో, ఎలా నవ్వుకునేవారో, దేనికి భయపడేవారో శ్రీపాద వారి దగ్గర తెలుస్తుంది. నలుగురి పుస్తకాల నుంచి తలా నాలుగైదు పుటలు తీసి, తరగతిని నాలుగు జట్లుగా చేసి, గోదావరి గట్టు మీది ఆ ఊరు ఎవరికి ఎలా కనిపించిందో చెప్పించండి. ఒకరు అబద్ధమాడారని తేల్చడం ఈ అభ్యాసం ఉద్దేశం కాదని మాత్రం ముందే చెప్పండి. ఎవరు ఎక్కడ నిలబడి చూశారో తెలుసుకోవడమే మనకు కావలసింది.

మూడవ పని నాకు అన్నిటికన్న ముఖ్యమనిపిస్తుంది. ఈ గ్రంథంలో మాట్లాడని వారెవరని అడగండి. గౌరమ్మకు వివాహం జరిగింది. ఆ వివాహాన్ని గురించి ఊరు మాట్లాడింది, పత్రికలు మాట్లాడాయి, వీరేశలింగం గారు మాట్లాడారు. ఆమె తన గురించి ఏమనుకున్నదో ఆమె మాటల్లో మనకు దొరకదు. గోదావరి నీళ్ళు మోసిన రాజ్యలక్ష్మమ్మ గారూ అంతే. ఆమె 1910లో మరణించారు. దాదాపు నలభై వివాహాలు జరిపించిన ఆ ఇంట్లో ఆమె పడిన శ్రమను భర్త కృతజ్ఞతతో చెప్పారు గాని ఆమె గొంతు మనకు వినబడదు.

ఆ వెలితి తీరడానికి చాలా కాలం పట్టింది. 1918లో పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు ఊహ తెలియని వయసులో పెళ్ళై, ఊహ తెలియకముందే వితంతువైనవారు. తరువాత పునర్వివాహం చేసుకుని, కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసి, అజ్ఞాతవాసం గడిపి, భర్త తనను వదిలి వెళ్ళిన తరువాత మళ్ళీ చదువుకుని, ఉద్యోగం చేసి తన కాళ్ళ మీద తాను నిలబడ్డారు. తొంభై ఏళ్ళు దాటిన తరువాత ‘నిర్జన వారధి’ రాశారు; అది 2012లో వెలువడింది. వీరేశలింగం గారి వివాహ ప్రకరణం చదివిన వారం రోజుల్లోపే ఇందులోని తొలి పుటలు చదివించండి. ఒక పుస్తకంలో సంస్కరణ పేరుతో కనిపించినది, రెండవ పుస్తకంలో ఒక ఆడపిల్ల బతుకుగా కనిపిస్తుంది. వితంతు వివాహం గతించిన సమస్య, మాకెందుకు అన్న విద్యార్థులు కూడా ఆ తరువాత ఆ మాట అనరు.

ప్రశ్న: మా పిల్లలకు గోదావరి జిల్లాల సంఘసంస్కరణ కథ దూరంగా అనిపిస్తున్నది. తెలంగాణ విద్యార్థులకు ఏ ఆత్మకథతో మొదలుపెట్టమంటారు? (ఒక ఉపాధ్యాయురాలు, మహబూబాబాద్ జిల్లా)

జవాబు: దాశరథి కృష్ణమాచార్య గారి ‘యాత్రాస్మృతి’తో మొదలుపెట్టండి. ఆయన 1925లో పుట్టిన చిన్నగూడూరు మీ జిల్లాలోనే ఉన్నది. నిజాం పాలనకు వ్యతిరేకంగా పోరాడి నిజామాబాద్ జైలులో ఉన్నప్పుడు, కాగితమూ కలమూ లేని చోట బొగ్గుతో గోడ మీద పద్యం రాసిన ఘట్టం ఏ తరగతిలోనైనా చదివించదగినది. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి గారు అదే జైలులో ఆయనకు తోడుగా ఉన్నారు. ఆ పద్యాన్ని పిల్లల చేత ముందు కంఠస్థం చేయించి, తరువాత అది ఏ పరిస్థితిలో పుట్టిందో ఆత్మకథలో చదివిస్తే, తెలుగు వాచకంలో మార్కుల కోసం చదివే పద్యం వెనుక ఒక మనిషి ఒళ్ళు ఉన్నదని వారికి అర్థమవుతుంది.

అయితే ఊరి దగ్గరితనం ఒక్కటే ఎంపికకు ఆధారం కాకూడదు. ‘యాత్రాస్మృతి’ చదివిన పిల్లలకు ఆ తరువాత వీరేశలింగం గారిని ఇవ్వండి. ఒకరు రాజుకు ఎదురు నిలిచారు. మరొకరు తన సొంత కులానికీ బంధువులకూ ఎదురు నిలిచారు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ కష్టమో పిల్లలను వాదించుకోనివ్వండి.

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటాము. శని, ఆదివారాలు నడిచే తెలుగు తరగతిలో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు చెబుతున్నాను. వారు తెలుగు బాగా మాట్లాడతారు గాని చదవడం తక్కువ. (ఒక తల్లి, డల్లాస్)

జవాబు: వారికి ‘స్వీయచరిత్రము’ ఇప్పుడే ఇవ్వకండి. శ్రీపాద వారి పుస్తకంలో బాల్యానికి సంబంధించిన పుటలు మీరు చదివి వినిపించండి, పిల్లలను విననివ్వండి. అది ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టుండే వాడుక తెలుగు కనుక వినేవారికి అందుతుంది. కొంచెం పెద్దపిల్లలయితే ‘నిర్జన వారధి’కి ఇంగ్లీషు అనువాదం కూడా ఉన్నది, తెలుగులో రెండు పుటలు విని, మిగిలిన ప్రకరణం ఇంగ్లీషులో ఇంట్లో చదువుకుని రమ్మనవచ్చు. ఆ తరువాత వారి తాతయ్యకో నానమ్మకో ఫోను చేసి, చిన్ననాటి సంగతి ఒకటి అడిగి రాసుకురమ్మనండి. తెలుగు అక్షరాల మీద ఆసక్తి అక్కడి నుంచి పెరగడానికి అవకాశం ఉన్నది.

ప్రశ్న: ఇదంతా చేయించినా పరీక్షలో ‘ఆత్మకథ లక్షణాలు పేర్కొనుము’ అనే ప్రశ్నే వస్తుంది. మేము ఏమి చేయగలం? (ఒక అధ్యాపకుడు, గుంటూరు)

జవాబు: విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రశ్నపత్రం మీ చేతిలో లేదు. అంతర్గత మార్కులు మీ చేతిలో ఉన్నాయి. వాటికి లక్షణాలు అడగకుండా, వివాహ ప్రకరణాన్ని రాజ్యలక్ష్మమ్మ గారి వైపు నుంచి ఒక పుట రాయమనండి. పుస్తకంలో ఉన్న సంగతికి విరుద్ధంగా ఏదీ రాయకూడదనీ, ఊహించి చేర్చిన ప్రతి వాక్యం కింద గీత గీయాలనీ నియమం పెట్టండి. ఆ ఒక్క పుట రాయాలంటే విద్యార్థి మూలాన్ని కనీసం మూడుసార్లు చదవక తప్పదు. పైగా ఇది గైడు పుస్తకాలలో దొరికే జవాబు కాదు.

రాజమహేంద్రవరం మీకు దూరం కాదు గనుక వీలుంటే ఒక ఆదివారం పిల్లలను తీసుకువెళ్ళండి. వీరేశలింగం గారు పుట్టిన ఇల్లు స్మారకంగా ఉన్నది. ఆయన పూనికతో 1890లో కట్టిన పురమందిరం ఉన్నది. ఆ ఇంటి నుంచి గోదావరి గట్టు దాకా నడిపించి, నిండు బిందెతో ఆ దూరం ఎంతసేపు పడుతుందో లెక్కకట్టి రాసుకోమనండి. పరీక్షలో లక్షణాల ప్రశ్న వచ్చినా, ఆ నడక నడిచిన విద్యార్థికి రాయడానికి ఉదాహరణల కొరత ఉండదు.